గుగ్గిలంలో చిక్కిన సహవాసం

పుత్తూరు నుంచి వడమాలపేట మీదుగా తిరుపతికి వచ్చే దారి పొడవునా కనిపించే కొండల రాయికి భూగర్భ శాస్త్రం నగరి క్వార్ట్‌జైట్ అని పేరు పెట్టింది. ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, అణిగి, గట్టిపడి ఈ రాయి అయి దాదాపు 160 కోట్ల ఏళ్లయిందని అంచనా. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ పొరల అడుగున గ్రానైటు బయటపడే చోట, రెండింటి నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం ఆనవాలు లేకుండా పోయింది. భూమి వయసు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఆ చోటు ఒక తీర్థం. పురుగుల పూర్వచరిత్ర వెతికేవాళ్లకు మాత్రం ఈ కొండల్లో దొరికేది సున్నా. ఈ ఇసుక రాయిగా మారే నాటికి నేల మీద చెట్టే లేదు, ఇక పురుగు ఎక్కడిది? పెంకుపురుగుల వంశం మొదలై సుమారు 30 కోట్ల ఏళ్లే అయింది. కొండల లెక్కలో అది మొన్నటి మాట.

ఆ మొన్నటి వంశమే ఇవాళ ఈ కొండల కింద తోటల్లో, చేలల్లో ఎక్కడ చూసినా ఉంది. మామిడి కాండాన్ని తొలిచేది పెంకుపురుగే, మామిడి టెంకలో కాపురం పెట్టేదీ పెంకుపురుగే. వేరుశనగ వేళ్లు కొరికే వేరుపురుగు, కొబ్బరి మొవ్వను చీల్చే కొమ్ముపురుగు, పేడను ఉండలు చేసి దొర్లించుకుపోయే పేడపురుగు, పేనుబంకను తిని రైతుకు మేలు చేసే అక్షింతల పురుగు, చీకట్లో మినుక్కుమనే మిణుగురు, పిల్లలు అగ్గిపెట్టెలో దాచి తుమ్మాకు మేపే జీరంగి... అన్నిటిదీ ఒకటే ఇంటిపేరు. ముందు రెక్కలు గట్టిపడి పెంకులై, వెనక రెక్కలకు మూత కావడం వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు. మనిషి ఇప్పటికి పేర్లు పెట్టిన పెంకుపురుగు జాతులు దాదాపు 4 లక్షలు. లోకంలో పేరున్న జంతుజాతులన్నిటిలో సుమారు నాలుగో వంతు ఇవే.

జీవపరిణామాన్ని గణితంలోకి తెచ్చిన ముగ్గురు పెద్దల్లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. సృష్టిని ఇంతగా చదివారు కదా, సృష్టికర్త గురించి ఏం గ్రహించారని ఎవరో అడిగితే, ఆయనకు పెంకుపురుగుల మీద మక్కువ మరీ ఎక్కువని అర్థమైందని హాల్డేన్ బదులిచ్చారని చెప్పుకుంటారు. ఆయన 1957లో ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చారు. తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గర శిష్యరికం చేసి, గురువు జీవితాన్నీ శాస్త్రాన్నీ గ్రంథస్థం చేశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ దేహం, ఆయన కోరిక ప్రకారమే, విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన చమత్కారం వెనక ఉన్న ప్రశ్న మాత్రం చమత్కారం కాదు. ఒక్క పురుగుల వంశం ఇన్ని లక్షల కొమ్మలుగా ఎలా చీలింది?

దీనికి ఇటీవలి సంవత్సరాల్లో మేలైన జవాబులు అంబరు నుంచి వస్తున్నాయి. కోట్ల ఏళ్ల కిందట చెట్ల నుంచి కారి, గట్టిపడి, భూమిలో పూడుకుపోయిన జిగురే అంబరు. అందులో చిక్కిన పెంకుపురుగులు చెబుతున్న సంగతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఏ జీవీ ఒంటరిగా ఇంతది కాలేదు. దాని చరిత్ర అంటే అది ఎవరితో కలిసి బతికిందన్నదే.

చెట్టు నుంచి కారేదంతా అంబరు కాదు. వేప మాను మీద, తుమ్మ మాను మీద ఉబికి గడ్డకట్టే బంకలోనూ చీమలు, దోమలు చిక్కుతాయి. కానీ ఆ బంక నీళ్లలో కరుగుతుంది. రెండు వానలు గట్టిగా పడితే బంకా ఉండదు, చీమా ఉండదు. నీళ్లకు కరగని జిగురు వేరే జాతి చెట్లకు ఉంటుంది. గుగ్గిలం, సాంబ్రాణి ఆ కోవలోవి. చెట్టుకు గాయమైనప్పుడో, పురుగు తొలిచినప్పుడో అది ఆ గాయాన్ని పూడ్చుకోవడానికి ఈ జిగురును వదులుతుంది. పైకి పాకిన పురుగు అందులో కాలు పెడితే మళ్లీ తీయలేదు. దాని మీద మరో ధార కారుతుంది. ఆ ముద్ద నేల రాలి, మట్టిలో పూడుకుని, లోపలి తైలాలు ఆవిరైపోయి, అణువులు ఒకదానితో ఒకటి గొలుసులుగా అల్లుకుని లక్షల ఏళ్లలో అంబరుగా గట్టిపడుతుంది. లోపలి పురుగు ఒంటి మీది నూగు, కాలి గోరు, కంటి మీది గళ్లు సహా నిలుస్తుంది.

రాయి కూడా పురుగులను దాస్తుంది. ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా శిలల్లో డైనోసార్ల ఎముకలతో పాటు జురాసిక్ కాలపు పురుగుల అచ్చులు దొరికాయి. అక్కడి యామనపల్లి పేరు మీద 1988లో నామకరణం జరిగిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. మనకు ఇంకా దగ్గరగా సత్యవేడు పరిసరాల శిలల్లో క్రెటేషియస్ కాలపు ఆకుల అచ్చులు ఉన్నాయి. ఇవన్నీ విలువైనవే. అయితే రాతిలో మిగిలేది నలిగి పలచబడిన రెక్కో, ఆకు ఈనెల గీతలో. ఆ పురుగు ఆ ఆకు మీద వాలిందా లేదా అన్నది చాలాసార్లు ఊహకే వదిలెయ్యాలి. అంబరు అలా కాదు. పురుగు ఏ పని మీద ఉండగా పట్టుబడిందో, ఒంటి మీద ఏం మోసుకెళుతోందో, పక్కన ఎవరున్నారో అదే క్షణంలో అదే చోట ఆపేస్తుంది.

మన దేశపు అంబరు కథ గుజరాత్‌లో ఉంది. సూరత్ జిల్లాలోని వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో బొగ్గు తీస్తుంటే పసుపు, గోధుమ రంగు గడ్డలు బయటపడ్డాయి. వాటి వయసు 5 కోట్ల ఏళ్లకు పైమాటే. భారత భూఖండం దక్షిణం నుంచి జరిగి జరిగి ఆసియాను తాకుతున్న రోజులవి. మన శాస్త్రజ్ఞులు, జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆ గడ్డల్లో 700కు పైగా కీటకాలు, వాటి బంధువులు ఉన్నట్టు తేలింది. భారత భూమి అంతకాలం ఒంటరి ద్వీపంగా తిరిగింది కాబట్టి దాని జీవులన్నీ విడ్డూరంగా ఉంటాయని అంతా అనుకున్నారు. తీరా చూస్తే వాటిలో చాలావాటికి ఆసియాలో, ఐరోపాలో చుట్టాలు ఉన్నారు. ఢీకొనడానికి ముందే రాకపోకలు మొదలయ్యాయన్నమాట.

ఆ గడ్డల్లో ఒకదానిలో దొరికిన పెంకుపురుగుకు 2014లో జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డి ప్రోటోక్లావిజర్ అని పేరు పెట్టారు. మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్న ప్రాణి. దీని వంశంలోవి ఇప్పటికీ దాదాపు 370 జాతులు బతికున్నాయి. అవన్నీ చీమల ఇళ్లలో తిష్ట వేసినవే. ఈ పురుగు నడుము దగ్గర కుచ్చులుగా నూగు ఉంటుంది. అక్కడ ఊరే రసం చీమలకు మహా ఇష్టం. దాన్ని నాకుతూ అవి ఈ పురుగును తమ మనిషిగానే ఎంచుతాయి. నోట కరుచుకుని లోపలికి మోసుకెళతాయి, నోటితో నోటికి ఆహారం అందిస్తాయి. ఇంత మర్యాద పొందిన అతిథి తీరిక వేళల్లో చీమల గుడ్లను, పిల్లలను ఆరగిస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట చీమల లోకంలోనూ చెల్లుతుంది.

నేటి పురుగుల్లో ఈ అతిథి జీవితానికి ఒళ్లంతా ఒదిగిపోయింది. ఆహారం నోట్లోకే వస్తుంది కాబట్టి నోటి భాగాలు కుదించుకుపోయాయి. మీసాల కణుపులు కలిసిపోయి మొద్దుబారాయి. పొట్ట మీది పలకలు అతుక్కుని ఒకే పెంకుగా మారాయి. ప్రోటోక్లావిజర్‌లో చీమలను మచ్చిక చేసుకునే నూగు కుచ్చులు అప్పటికే ఉన్నాయి. పొట్ట పలకలు మాత్రం ఇంకా విడివిడిగానే ఉన్నాయి. అంటే స్నేహం ముందు కుదిరింది, దానికి తగ్గట్టు ఒళ్లు తర్వాత మారింది. జీవపరిణామంలో నడిమి మెట్టు చూపించండి అని అడిగేవాళ్లకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకడం కష్టం. మరో విశేషం, ఆ కాలానికి చీమలు ఇప్పట్లా లోకాన్ని నింపలేదు. వాటి కాలనీలు అప్పుడప్పుడే పెద్దవవుతున్నాయి. ఇల్లు పూర్తిగా లేవకముందే దొంగ లోపల కుదురుకున్నాడు. తర్వాత చీమల జాతులు పెరిగిన కొద్దీ ఈ అతిథుల జాతులూ పెరిగాయి. ఒక వంశం విస్తరించడం మరో వంశానికి కొత్త బతుకుదెరువు చూపిందని ఆ గడ్డ చెబుతోంది.

మన పెద్దలు బతుకుతెరువుకు పోయి రంగం అని పిలుచుకున్న రంగూన్ ఉన్న మయన్మార్‌లో, ఉత్తరాన కచిన్ రాష్ట్రపు హుకాంగ్ లోయలో దొరికే అంబరు ఇంకా పాతది. దాని వయసు దాదాపు 9 కోట్ల 90 లక్షల ఏళ్లు. డైనోసార్లు తిరుగుతున్న రోజులవి. పూలు పూసే మొక్కలు అప్పుడే అడవుల్లో చోటు సంపాదించుకుంటున్నాయి. పూల మీద వాలిన పురుగులే వాటిని గెలిపించాయని డార్విన్ కాలం నుంచీ శాస్త్రజ్ఞుల అనుమానం. నేరుగా సాక్ష్యం మాత్రం చాలాకాలం దొరకలేదు. 2019లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఆంజిమోర్డెల్లా అనే చిన్న పెంకుపురుగు ఆ లోటు తీర్చింది. వంగిన వీపు, గెంతడానికి బలిసిన వెనక కాళ్లు, పూల మీద తిరిగే నేటి బంధువుల రూపమే దానిది. దాని ఒంటి నూగులో 62 పుప్పొడి రేణువులు చిక్కి ఉన్నాయి. గాలికి ఎగిరే పుప్పొడి పొడిపొడిగా, విడివిడిగా ఉంటుంది. ఇది గుంపులుగా అంటుకునే రకం, పురుగుల కాళ్లకు, నూగుకు పట్టుకోవడానికి తగినది. పూవూ పురుగూ అప్పటికే ఒప్పందానికి వచ్చాయని దాంతో స్పష్టమైంది.

పూల కంటే ముందే మరో ఒప్పందం ఉంది. 2018లో అదే కచిన్ అంబరు నుంచి వర్ణించిన క్రెటోపారాకుకుజస్ అనే పెంకుపురుగు ఒంటి దగ్గర సైకడ్ మొక్క పుప్పొడి దొరికింది. సైకడ్‌లకు పూలుండవు. ఈత చెట్టును తలపించే ఆకుల నడుమ శంకువులు వస్తాయి. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. డైనోసార్ల కాలంలో ఇవి అడవుల్లో విస్తారంగా ఉండేవి. గాలే వీటి పుప్పొడిని మోస్తుందని పుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. నిజానికి ఇప్పుడు బతికున్న సైకడ్‌లలో చాలావాటికి ఆ పని చేసిపెట్టేది పెంకుపురుగులే. మగ శంకువు కాస్త వేడెక్కి వాసన వదిలితే పురుగులు చేరతాయి, పుప్పొడి తిని, కొంత ఒంటికి పూసుకుని, ఆడ శంకువు దగ్గరికి పోతాయి. ఆ అంబరు పురుగుకు నేటి దగ్గరి బంధువు ఆస్ట్రేలియాలో ఉంది, ఇప్పటికీ సైకడ్ మీదే బతుకుతోంది. తేనెటీగలు రంగం మీదికి రాకముందు నుంచీ ఈ సేవ సాగుతోందన్నమాట.

ఈ కథ మనకు దూరపు సంగతి కాదు. సైకస్ బెడ్డోమీ అనే సైకడ్ సహజంగా పెరిగేది తిరుమల, శేషాచలం పరిసరాల కొండల్లోనే. పేరీత అనీ, కొండ ఈత అనీ స్థానికులు అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. మందుల పేరుతో మగ శంకువులను తెగ నరుకుతున్నందుకు, కార్చిచ్చుల వల్ల, ఇది ప్రమాదంలో పడింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైట్స్ ఒప్పందపు మొదటి జాబితాలో దీనికి చోటు దక్కింది. సైకస్ ప్రజాతిలో ఆ జాబితాకెక్కింది ఇదొక్కటే. మగ శంకువును కోసుకుపోతే పోయేది పుప్పొడి ఒక్కటే అనుకుంటాం. దాని మీద ఆధారపడిన పురుగు తిండీ, గూడూ పోతాయి. పురుగు పోతే మిగిలిన ఆడ మొక్కలకు గింజ కట్టడం కష్టం కావచ్చు. డైనోసార్లు పోయినా పోని బంధం, కొడవలి పోటుకు తెగిపోగలదు.

డైనోసార్లంటే గుర్తొచ్చింది. స్పెయిన్‌లోని సాన్ హుస్త్ అంబరులో 10 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి పెంకుపురుగు పిల్లలు విడిచిన పొరలు దొరికాయని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అవి మెత్తని ఈకల మధ్య చిక్కుకుని ఉన్నాయి. ఆ ఈకలు నేటి పక్షులవి కావు, ఈకలున్న ఏదో డైనోసార్‌వి. రాలిన ఈకలను తిని గూడు శుభ్రం చేసిపెట్టే పురుగులన్నమాట. వీటి చుట్టాలు ఇవాళ పక్షి గూళ్లలో అదే పని చేస్తున్నాయి. ఇక మిణుగురుల సంగతి. కచిన్ అంబరులో పొట్ట అడుగున వెలుగు అవయవం ఉన్న పెంకుపురుగును 2021లో వర్ణించారు. మెత్తని ఒళ్లున్న ఈ వంశంలో వెలుగు తొలుత శత్రువును బెదిరించడానికి పుట్టి, తర్వాత జోడును పిలిచే సైగగా మారి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మొదట భయపెట్టిన దీపమే తర్వాత ప్రేమలేఖ అయింది. చెదల ఇంట్లో అతిథిగా చేరిన పెంకుపురుగు సాక్ష్యం కూడా ఇదే అంబరులో ఉంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే జీవపరిణామం గురించి మన మనసుల్లో నాటుకుపోయిన ఒక బొమ్మ సవరణ కోరుతుంది. బలవంతుడు నెగ్గుతాడు, బలహీనుడు పోతాడు అన్న పోటీగానే దాన్ని చెప్పుకోవడం మనకు అలవాటు. పోటీ ఉంది, కాదనలేం. చీమల గుడ్లు తినే అతిథిని చూసి ఇదంతా సాధుత్వమని మురిసిపోవడమూ పొరపాటే. అయితే పోటీ జరిగే రంగస్థలాన్ని తయారుచేసింది సహవాసాలే. పూవు పుట్టడం వల్ల పురుగుకు కొత్త తిండి, చీమ పెరగడం వల్ల కొత్త ఇల్లు, ఈక పుట్టడం వల్ల కొత్త కొలువు. ప్రతి కొత్త పొరుగుతో ఒక కొత్త కొమ్మ. 4 లక్షల జాతుల వెనక అన్ని లక్షల పొరుగు సంబంధాలున్నాయి.

మారడమే పరిణామం అన్న నమ్మకాన్ని కూడా అంబరు కొంత సడలిస్తుంది. నాలుగున్నర కోట్ల ఏళ్ల కిందటి బాల్టిక్ అంబరులో కనిపించే పెంకుపురుగుల్లో చాలావాటిని నేటి పురుగుల పక్కన పెడితే తేడా పోల్చడానికి నిపుణుడి కన్ను కావాలి. బతుకు సాఫీగా సాగుతున్నంత కాలం మారాల్సిన పని లేదు. అడవి నేల మీది కుళ్లిన ఆకు, పుచ్చిన మాను, బూజు... ఇవి ఎన్ని యుగాలైనా దొరుకుతూనే ఉన్నాయి. వాటి మీద బతికేవాళ్లు నెమ్మదిగానే ఉన్నారు. ఇంతటి పాత కాపురాలు కూలాలంటే ఆ కుళ్లిన ఆకునూ, పుచ్చిన మానునూ పనికిరాని చెత్తగా ఎంచి తీసిపారేసేవాడు రావాలి. వాడు ఈమధ్యే వచ్చాడు.

అంబరు చెప్పగలిగిన దానికి హద్దులూ ఉన్నాయి. 1993 జూన్‌లో ఒక డైనోసార్ సినిమా విడుదలకు సరిగ్గా ఒక రోజు ముందు, లెబనాన్ అంబరులోని 12 కోట్ల ఏళ్లు దాటిన ముక్కుపురుగు నుంచి డీఎన్ఏ తీశామని నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. లోకమంతా గగ్గోలు పెట్టింది. ఇలాంటి ప్రయోగాలను మళ్లీ చేసిచూసిన లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం బృందానికి అంబరు పురుగుల్లో పాత డీఎన్ఏ జాడే దొరకలేదని 1997లో తేలింది. బయటి నుంచి చేరిన డీఎన్ఏనే పాతదని భ్రమపడి ఉంటారన్నది నేటి అభిప్రాయం. రూపం నిలిచింది, వంశలిపి చెరిగిపోయింది. మరో హద్దు, మాను మీద పాకే చిన్న పురుగులే ఎక్కువగా చిక్కుతాయి. విదిలించుకుపోగల పెద్దవి, చెట్టు జోలికి రాని చేల పురుగులు ఈ పద్దులోకి ఎక్కవు. గుగ్గిలం కార్చే చెట్లు లేని అడవుల చరిత్ర అసలే లేదు.

మూడో హద్దు మనిషి పెట్టుకోవాల్సినది. హుకాంగ్ లోయ గనుల చుట్టూ మయన్మార్ సైన్యానికీ కచిన్ సాయుధులకూ ఏళ్ల తరబడి పోరు. 2017లో సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని చేజిక్కించుకుంది, జనం ఊళ్లు వదిలారు. అంబరు అమ్మకపు సొమ్ము తుపాకులకు తిండి అవుతోందన్న ఆందోళనతో, అక్కడి కొత్త నమూనాల మీద వ్యాసాలు ఆపాలని వెన్నెముక జీవుల శిలాజాలను చదివే అంతర్జాతీయ సంఘం 2020లో శాస్త్ర పత్రికలను కోరింది. పది కోట్ల ఏళ్ల నాటి పురుగు గురించి తెలుసుకోవాలన్న కుతూహలం మంచిదే, ఇవాళ్టి మనిషి కన్నీళ్ల మీద నడిచి అక్కడికి చేరకూడదు. సహవాసపు పాఠం చెప్పే గడ్డను కొనేటప్పుడైనా ఆ పాఠం గుర్తుండాలి.

మన కొండల సంగతి మిగిలింది. గుజరాత్ అంబరును కార్చింది డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లని రసాయన పరీక్షల్లో తేలింది. ఉత్తరాది సాల వృక్షం ఆ కుటుంబమే. శేషాచలం కొండల్లో మనవాళ్లు తంబజాలారి, జాలారి అని పిలిచే చెట్లూ ఆ కుటుంబమే. తంబజాలారి తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన చెట్టు, ఇప్పుడు ముప్పులో ఉంది. దాని జిగురును ధూపంగా వేస్తారు. 5 కోట్ల ఏళ్ల కిందట పురుగులను దాచిపెట్టిన చెట్ల వారసులు ఇక్కడ ఇంకా నిలిచే ఉన్నారు. పది కోట్ల ఏళ్ల ఒప్పందానికి ఒక పక్షమైన సైకడ్ కూడా ఈ కొండల మీదే ఉంది. రాళ్లలో పురుగుల చరిత్ర లేని చోట, బతికున్న చరిత్ర ఉంది.

దాన్ని మనం ఎలా చూసుకుంటున్నాం? 2010లో దాదాపు 4,756 చదరపు కిలోమీటర్ల మేర శేషాచలం జీవావరణ రిజర్వు ఏర్పడింది. ఎర్రచందనం కాపలాకు ప్రత్యేక దళం ఉంది. ఉండాలి కూడా. కానీ మన రక్షణ అంతా ఖరీదు కట్టగలిగిన మాను చుట్టూ, ఫొటోకు అందే జంతువు చుట్టూ తిరుగుతోంది. ఏ చెట్టు ఏ పురుగు మీద ఆధారపడిందో రాసిన పట్టిక మన దగ్గర పేలవంగా ఉంది. కొండ దిగువ తోటల్లో పూత మీద మందు కొట్టినప్పుడు చచ్చేది తేనెమంచు పురుగు ఒక్కటే కాదు. పరాగసంపర్కానికి వచ్చినవీ, పేనుబంకను తినడానికి వచ్చినవీ అదే మందుకు పోతాయి. పూత విచ్చుకున్న వేళ మందు కొట్టొద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో చెబుతున్నది ఇందుకే. రహదారుల వెంట, ఊళ్లలో రాత్రంతా వెలిగే లైట్ల మధ్య మిణుగురు సైగ జోడుకు కనిపించదు. వేరుపురుగుతో, కాండం తొలిచే పురుగుతో రైతుకు పేచీ న్యాయమైనదే. ఆ రెండింటి మీది కోపం మొత్తం వంశం మీద తీర్చుకోవడంలోనే తప్పుంది.

పురుగును పురుగుగా, చెట్టును చెట్టుగా విడివిడిగా లెక్కించే పద్ధతికి అంబరు పాఠం నప్పదు. కాపాడాల్సింది జతలను. కొండ ఈతను రక్షిత జాబితాలో పెట్టినంత మాత్రాన, దాని శంకువు దగ్గరికి ఏ పురుగులు వస్తున్నాయో, ఎన్ని వస్తున్నాయో చూడకపోతే ఆ రక్షణ సగమే. తిరుపతి విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్రం చదివే విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి, ఇంతకంటే కొత్త పరిశోధనాంశం దొరకదు. వడమాలపేట, పుత్తూరు బడుల పిల్లలకు దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. ఏ పూవు మీద ఏ పురుగు ఏ నెలలో వాలిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే, పదేళ్లకు అది ఈ ప్రాంతానికి గొప్ప దస్తావేజు అవుతుంది. జీరంగిని అగ్గిపెట్టెలో దాచే వయసులోనే, అది వాలిన తుమ్మ కొమ్మను కూడా చూడడం నేర్పాలి.

గుగ్గిలం పురుగును దాచింది తన గాయం మాన్పుకోవడానికే తప్ప మనకు చరిత్ర చెప్పాలని కాదు. అదంతా కాకతాళీయం. ఒక్క పురుగు మనదాకా చేరడానికి లెక్కలేనన్ని సహవాసాలు జాడ లేకుండా పోయి ఉంటాయి. మన కాలపు సహవాసాలను అలా కాకతాళీయానికి వదిలేయాల్సిన అగత్యం లేదు. చూసే కళ్లున్నాయి, రాసే చేతులున్నాయి, వద్దనుకుంటే ఆపగలిగిన మందు డబ్బాలూ, ఆర్పగలిగిన దీపాలూ ఉన్నాయి. అటవీ శాఖ తన తర్వాతి ప్రణాళికలో చెట్ల జాబితా పక్కన వాటి పురుగుల జాబితానూ చేరిస్తే, ఆ పని సరైన చోట మొదలైనట్టే.